సాంబశివరావు గారి భయాలు

తోలు బూట్లకు పట్టించిన ఆముదం వాసనా, పసిపిల్లల మాడుకు పెట్టే ఆముదం వాసనా ఒకటి కాదు. ఎండకు వేడెక్కిన తోలు ఆ నూనెను తాగి, కాసేపటికి మరింత చిక్కగా బయటికి వదులుతుంది. ఈ వేసవి మొదట్లో ఒక ఉదయం మా వరండాలో కూర్చుని, గుడ్డపీలికతో బూట్ల కుట్లలోకి ఆముదం దిగేలా రుద్దుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలి చెయ్యి ఆగిపోయింది. తిరువూరులో పొద్దెక్కకముందే గేటు గొళ్ళెం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే రోజులవి. అంత ఎండలో కూర్చుని, మంచులో నడిచే బూట్లను ఇలా సిద్ధం చేసుకోవాలని నాకు నేర్పిన మనిషి సాంబశివరావు గారు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆ వాసనకు ఆయన గుర్తు రావడం కొత్తేమీ కాదు, ఏటా జరిగేదే. ఏటా ఆయన గుర్తొస్తే నవ్వు వచ్చేది. ఈసారి భయం వేసింది.

కారణం ముందే చెప్పేస్తాను. మే నెల చివర, ఇక్కడ రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే సమయానికి, మేం ఐదుగురం హిమాలయాల్లో ఒక ఎత్తైన కనుమ దాటాలని అనుకున్నాం. ఎన్నో రోజుల నడక, టెంట్లలో పడక, చివర్లో మంచు మీద ఎక్కడం. దారి ఎంచింది నేను. మిగతా నలుగురినీ ఒప్పించింది నేను. అందరికంటే ముందు నడవాల్సిందీ నేనే. బూట్లకు ఆముదం రాసిన ఆ ఉదయానికి ముందు ఆదివారం, అలవాటు కోసమని వీపున బరువులు కట్టుకుని ఎ.కొండూరు అవతల ఒక గుట్ట ఎక్కాం. సగం పైన నాకు నేల పక్కకు ఒరిగినట్టయింది. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంది. బూటు తాడు ఊడినట్టు నటించి ఒక రాతి మీద కూర్చున్నాను. నా వెనకే వస్తున్న శైలజ, మా ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు, "ఏంటి సార్, కూర్చున్నారు?" అని అడిగింది. ఏం లేదమ్మా, తాడు ఊడిందన్నాను. రెండు రోజుల తర్వాత మా డాబా మెట్ల మీద మళ్ళీ అలాగే అయింది. నా భార్య పద్మకు చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే వద్దంటాడు. ఇదీ నా పరిస్థితి. దాన్ని దాచుకుని బూట్లకు నూనె రాస్తున్న మనిషికి సాంబశివరావు గారు గుర్తొస్తే భయం కాక మరేం వేస్తుంది?

ఆయనది మెయిన్ రోడ్డులో ఎరువులు, విత్తనాల కొట్టు. నేను పక్కనే ఉన్న వినగడప ఊరి రైతుబిడ్డను. డిగ్రీ అయ్యాక సేద్యం మీద మనసు పోక, పెళ్ళయిన కొత్తలో ఆ కొట్టులో గుమస్తాగా చేరాను. ఆయన భారీ మనిషి, తెల్ల పంచె, నెమ్మదైన నడక. ఊళ్ళో అందరికీ తెలిసిన పిరికివాడు. కుక్కంటే భయం. కరెంటు స్విచ్చిని వేలితో కాక చెక్కముక్కతో నొక్కేవాడు. రోడ్డు దాటేటప్పుడు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, మళ్ళీ కుడికి చూసి, లారీ ఎక్కడో చెరువుగట్టు దగ్గర ఉన్నా ఆగిపోయేవాడు. అలాంటి మనిషి ఏటా వేసవిలో మంచుకొండలకు వెళ్ళేవాడు. ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు కొట్టుకు క్యారేజీ తెచ్చినప్పుడల్లా మా అందరికీ వినపడేలా అనేది, "బల్లిని చూసి మంచం ఎక్కే మనిషి మంచుకొండ ఎక్కుతాడంట. ఆ కొండకు ఎంత ఖర్మ పట్టిందో." ఆయన తల వంచుకుని పెరుగన్నం కలుపుకునేవాడు.

ఆ పిచ్చి ఎలా పట్టిందో ఆయనే చెప్పాడు. భార్యతో బదరీ యాత్రకు వెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి, వీపున సంచులతో ఒక మంచు గట్టు వైపు నడిచి వెళ్తున్న మనుషుల్ని చూశాడట. వాళ్ళెక్కడికి పోతున్నారని డ్రైవరును అడిగితే, అతను చెయ్యి ఊపి, అవతలికి అన్నాడట. అవతల ఏ గుడి ఉందో, ఏ ఊరుందో చెప్పలేదు. "ఉత్త అవతలికి పోవడం ఏంటి ప్రసాదూ, ఆ మాట నన్ను నిద్ర పోనివ్వలేదు," అనేవాడు. వేసవిలో ఎరువుల కొట్టుకు పెద్దగా బేరం ఉండదు. మృగశిరలో తొలకరి పడిందంటే రైతులు పత్తి గింజల కోసం తెల్లారకముందే వచ్చి అరుగు మీద కూర్చుంటారు. అప్పుడు షావుకారు ఊళ్ళో లేకపోతే కుదరదు. పైన మంచు కరగడం మొదలై, కింద తొలకరి ఇంకా పడని ఆ కాస్త సందులోనే ఆయన కొండలన్నీ.

ఆ ప్రయాణాలకు ఆయన సిద్ధమయ్యే తీరు నేను మరెక్కడా చూడలేదు. సాయంత్రం బేరాలు సద్దుమణిగాక, వెళ్ళబోయే నలుగురైదుగురినీ వెనక గోడౌనులో ఎరువు బస్తాల మీద కూర్చోబెట్టేవాడు. దారి గురించీ సామాను గురించీ మాట్లాడటానికి ముందు, ఒక్కొక్కరూ తమ భయం చెప్పుకోవాలి. ముందు ఆయనే చెప్పేవాడు. వంతెన మీద తాడు తెగితే? పొట్ట పాడైతే? నిద్రలో ఊపిరి ఆడకపోతే? నవ్వకుండా, సిగ్గుపడకుండా, ధరలు చెప్పినట్టు చెప్పేవాడు. నేను మొదటిసారి ఆ బస్తాల మీద కూర్చున్నప్పుడు, నా వంతు రాగానే, నాకేం భయం లేదండీ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే ఈ ఏడు నువ్వు కొట్టు చూసుకో. భయం లేనివాడిని తీసుకెళ్తే వాడి భయం కూడా నేనే పడాలి. నా భయాలే నాకు మోయలేనంత ఉన్నాయి."

మరుసటి ఏడు తెలివిగా ఒక భయం తయారు చేసుకుని వెళ్ళాను. పాములంటే భయమండీ అన్నాను. గోడౌను అంతా నవ్వింది. "మంచులో పాములుండవు ప్రసాదూ. ఉన్న భయం చెప్పు," అన్నాడాయన. ఎందుకో ఆ క్షణంలో నిజం నోట్లోంచి జారిపోయింది. అందరిలో ముందు అలసిపోతానేమో, నవ్వుతారేమోనని భయమండీ అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆయన తల ఊపి, రైలు టికెట్ల సంగతిలోకి వెళ్ళిపోయాడు. ఆ విధంగా నేను ఆయన జట్టులో చేరాను. ఆ తర్వాత ఎన్ని ప్రయాణాలు చేసినా అంత నిజమైన భయం మళ్ళీ ఆయనకు చెప్పలేదు. ఏటా ఏదో ఒకటి, వినడానికి బాగుండేది, ఏరి చెప్పేవాణ్ణి.

ఎండ ముదరకముందు తెల్లవారుజామున నడక నేర్పేవాడు. వీపున ఇసుక మూటలు పెట్టుకుని పెనుగొలను వైపు మామిడితోటల మధ్య నడిచేవాళ్ళం. పాల క్యాన్లతో ఎదురొచ్చే రైతులకు మేమంటే మంచి కాలక్షేపం. "ఏంటి సాంబయ్య గారూ, బస్సు తప్పిందా?" అని ఒకాయన. "కాదులే, యూరియా ఇంటింటికీ మోసి ఇస్తున్నారు," అని ఇంకొకాయన. ఆయన వాళ్ళతో పాటే నవ్వుతూ, చెమట తుడుచుకుంటూ నడిచేవాడు. ఎత్తుకు వెళ్తే కొందరికి గాలి చాలక తల తిరుగుతుందనీ, అది పట్టిన మనిషి తాగినవాడిలా తూలుతాడనీ, ఆ సంగతి తూలేవాడికి తెలియకపోవచ్చు కాబట్టి పక్కవాడే చూడాలనీ చెప్పేవాడు. కొట్టులో పరిచిన కడప బండల అతుకు గీత మీద, ఒక మడమ ముందు ఇంకో మడమ ఆనించి మమ్మల్ని నడిపించేవాడు. గింజలకు వచ్చిన రైతులు, పోలీసులు తాగుబోతును నడిపించినట్టుందే అని ఎగతాళి చేసేవారు. తూలితే దించెయ్యాలి, ఎవరైనా సరే, తానైనా సరే, అక్కడ వాదన లేదు అని ఆయన నియమం. వరసలో చివర నడిచేవాడికి ఆ పని అప్పజెప్పేవాడు, ముందున్న అందరి కాళ్ళూ వాడికే కనబడతాయి గనక. నాలుగో ప్రయాణానికి ఆ చివరి చోటు నాకిచ్చాడు. నా మీద అంత నమ్మకం మరెవరూ అప్పటిదాకా పెట్టలేదు.

ఆ ఏడు కనుమ దాటే రోజు పొద్దున, టెంట్లు విప్పి, ఆయన చిన్న రాతి మీద కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టుకుని బయల్దేరాడు. గైడు ముందు, అతని వెనక ఆయన, మధ్యలో ఇద్దరు, చివర నేను. ఆకాశం తళతళలాడుతోంది. కనుమ కళ్ళెదుటే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా అనిపించింది. కాస్త దూరం వెళ్ళాక ఆయన కుడికాలు పడాల్సిన చోట కాక పక్కన పడటం చూశాను. మళ్ళీ సర్దుకున్నాడు. ఇంకొంచెం దూరంలో మళ్ళీ పడింది. ఆ కాళ్ళ కిందికి కొట్టులోని బండల గీత తెచ్చి పెట్టినంత స్పష్టంగా నాకు తెలిసిపోయింది. పిలవడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదంటారు మన వైపు. పిలిస్తే వెళ్ళిన పని చెడుతుందంటారు. మా అమ్మ, నేను ఏదైనా మరిచిపోయి బయల్దేరితే, పిలవకుండా పరిగెత్తుకొచ్చి నా ముందు నిలబడి ఇచ్చేది. ఆ మంచు మీద ఆయన్ని దాటి ముందుకు పరిగెత్తే చోటు లేదు. అలా అనుకుంటూ ఒక మలుపు గడిచింది, ఇంకొక మలుపు గడిచింది. మూడోసారి ఆయన తూలినప్పుడు మోకాళ్ళ మీద కూలబడి, వాలు మీద కిందికి జారాడు. ఒక బండ అడ్డుపడి ఆపింది.

గైడు ఆయన్ని వీపున వేసుకుని దిగాడు, మేం చేతులు మార్చుకుంటూ సాయపడ్డాం. కిందికి దిగేకొద్దీ ఆయన మాట తేరుకుంది. లోయలో ఉన్న ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. భుజం విరిగింది. బతికాడు. కానీ ఆయనకు కొండలు అంతటితో సరి. తిరుగు రైల్లో, కట్టు కట్టిన భుజంతో కిటికీ దగ్గర కూర్చుని నన్నడిగాడు, నేను తూలడం చూశావా అని. చూశానన్నాను. మరెందుకు పిలవలేదన్నాడు. నేను జవాబు వెతుక్కుంటుంటే ఆయనే నా చేతికి ఒకటి అందించాడు.

"వెనక నుంచి పిలవకూడదని ఆగావా?"

"అవునండీ," అన్నాను.

తిరువూరు వచ్చాక ఆ ఆచారం మీద యుద్ధం ప్రకటించాడు. ఎవరు కొట్టు మెట్లు దిగినా వెనక నుంచి పేరు పెట్టి పిలిచేవాడు, ఏమైనా మరిచిపోయావేమో చూసుకోమనేవాడు. పెళ్ళి చూపులకు వెళ్ళేవాళ్ళనీ వదల్లేదు, పత్తి అమ్మడానికి గుంటూరు బండి ఎక్కేవాళ్ళనీ వదల్లేదు. కొందరు చిరాకు పడ్డారు. ఒక పెద్దాయన కొట్టుకు రావడమే మానేశాడు. అన్నపూర్ణమ్మ గారు తలుపు చాటు నుంచి, నోరు ముయ్యవయ్యా అని బతిమాలేది. "పిలవకపోవడం వల్ల నేను చావబోయాను. పిలిస్తే ఎవడు చచ్చాడో చూపించు," అనేవాడు. అది విన్నప్పుడల్లా నేను బస్తాల వెనక్కి వెళ్ళి ఏదో సర్దుతున్నట్టు నటించేవాణ్ణి. నటించడం నాకు అప్పటికే చేతనయింది.

ఎందుకంటే నన్ను ఆపింది ఆచారం కాదు. నోరు మూసుకున్న క్షణంలో అమ్మ మాట గుర్తొచ్చిన మాట నిజమే. అది నేను వెతుక్కుంటే గుర్తొచ్చింది. దానికి ముందు నాకు కనబడింది కనుమ. పిలిస్తే అందరం దిగిపోవాలి. అంత దగ్గరికి వచ్చాక అవతల ఏముందో చూడకుండా దిగిపోవాలి. ఇంకొక్క మలుపు, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాను. ఒక మనిషి ప్రాణాన్ని ఒక మలుపుకు తాకట్టు పెట్టాను. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు ఎన్నో ఏళ్ళు పట్టింది. నిజానికి నేను చెప్పనూ లేదు, ఆయనే అడిగాడు.

అప్పటికి నేను వేరే కొట్టు పెట్టుకున్నాను. ఆయన మంచం పట్టలేదు గానీ ఇల్లు దాటడం మానేశాడు. ఒక మధ్యాహ్నం చూడటానికి వెళ్తే, వసారాలో మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, వర్షం ఎప్పుడొస్తుందని అడిగినంత తేలిగ్గా అడిగాడు.

"ఆ రోజు నిన్ను ఆపింది ఆచారం కాదు కదా ప్రసాదూ?"

"కాదండీ. అవతల వైపు చూడాలనిపించింది."

"ఊఁ," అన్నాడు. కోపం లేదు ఆ మొహంలో. "నాకూ అంతే. కాళ్ళు నా మాట వినడం లేదని పొద్దున టీ తాగుతుంటేనే తెలిసింది నాకు. చెబితే దింపేస్తారు. ఆ నియమం పెట్టిందే నేను. అందుకని చెప్పలేదు. ఇన్నేళ్ళూ పాపం ఆ ఆచారాన్ని తిట్టాం ఇద్దరం."

నేను ఆయన వైపు చూడలేకపోయాను. ఆయన కాసేపు విసనకర్రతో విసురుకుని, మెల్లగా అన్నాడు. "బల్లిని చూసి భయపడ్డాను, కుక్కని చూసి భయపడ్డాను. గోడౌనులో కూర్చుని అన్ని భయాలు చెప్పాను గానీ, ఎక్కాలనే ఆశ ఉంటుంది చూడు, దాన్ని చూసి భయపడాలని తట్టలేదు. అన్నిటికంటే అదే పెద్ద పాము." అప్పుడు కాఫీ పట్టుకొచ్చిన అన్నపూర్ణమ్మ గారు, మళ్ళీ కొండలేనా, ఈ జన్మకు చాలవా అని ఆయన్ని కసిరింది. ఆయన కప్పు అందుకుని నా వైపు చూసి నవ్వాడు. ఆ తర్వాత వచ్చిన చలికాలంలో ఆయన పోయాడు.

ఆ రోజు ఇంటికి వస్తూ ఎంతో తేలికపడ్డాను. క్షమించాడనుకున్నాను, మారిపోయాననుకున్నాను. మారలేదని చెప్పడానికి ఎ.కొండూరు గుట్టే సాక్ష్యం. బూట్లకు ఆముదం రాస్తూ అదే ఆలోచించాను. ఆయన దాచాడు, నేను దాచాను, ఇప్పుడు ఆయన నడిచిన ముందు చోటులో నిలబడి మళ్ళీ దాస్తున్నాను. ఈసారి నా వెనక నలుగురు. శైలజ, మందుల షాపు శ్రీనివాస్, అతని తమ్ముళ్ళిద్దరు. నేను మంచు వాలు మీద కూలితే నన్ను మోయడానికి వాళ్ళు తమ ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. ఇవన్నీ తెలిసి కూడా ఆ వారమంతా నోరు పెగల్లేదు. భోజనం సయించలేదు. పద్మ, ఒంట్లో బాగాలేదా అంటే ఎండ అన్నాను. టికెట్లు వచ్చాయి. తేదీ దగ్గరపడేకొద్దీ, ఒక్కసారి, ఈ ఒక్కసారికి ఏమీ కాదులే అనే గొంతు లోపల గట్టిపడింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఇంకొక్క మలుపు అన్నదీ అదే.

నిన్న సాయంత్రం సామాను పంచుకోవడానికి నలుగురూ మా కొట్టుకు వచ్చారు. ఎవరు ఏ టెంటు మోయాలో మాట్లాడుకుంటున్నారు. నేను మధ్యలో ఆపి, నాకొక భయం ఉంది, చెప్పాలన్నాను. గుట్ట మీద జరిగింది, మెట్ల మీద జరిగింది చెప్పాను. శ్రీనివాస్ తమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శైలజ చేతిలో ఉన్న తాడును కింద పెట్టింది.

"నాకు తెలుసు సార్," అంది. "ఆ రోజు మీ బూటు తాడు ఊడలేదు. ముడి అలాగే ఉంది. నేను చూశాను."

"మరి అడగలేదేమమ్మా?"

"మీరు పెద్దవారు. పైగా మమ్మల్ని తీసుకెళ్ళేది మీరు. ఎలా అడగను?" ఆగి, తల దించుకుని, "మీరు రానంటే ప్రయాణం ఆగిపోతుందేమోననీ అనిపించింది," అంది.

ఎన్నో ఏళ్ళ కిందట మంచు మీద నేను ఎక్కడ నిలబడ్డానో సరిగ్గా అక్కడే నిలబెట్టాను ఆ అమ్మాయిని. తప్పు నాది, నీది కాదు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు, ఇద్దరిదీ అంది. ఆ తర్వాత ఎక్కువ వాదన లేకుండానే తేలిపోయింది. ముందు నడిచేది శైలజ. డాక్టరు ఒప్పుకుంటే నేను వస్తాను, చివర నడుస్తాను. ఒప్పుకోకపోతే కొండ కింద ఉన్న ఊరి దాకా కూడా రాను, తిరువూరులోనే ఉంటాను. నేను లేకపోయినా ప్రయాణం ఆగదు. చివరి మాట వింటుంటే గుండెలో ముల్లు దిగినట్టయింది. అది కూడా చెప్పుకోవాలి.

"ఇంకేమైనా దాచారా సార్?" అని అడిగింది శైలజ, లెక్క తప్పు చేసిన పిల్లవాడిని అడిగినట్టు. ఎడమ మోకాలి సంగతి చెప్పాను. శ్రీనివాస్ తల పట్టుకున్నాడు. కాసేపటికి అతనే గొంతు సవరించుకుని, బీపీ మాత్రలు మొదలుపెట్టి ఏడాది అవుతోందన్నాడు. అతని తమ్ముళ్ళకే తెలియదట.

ఇంటికి వెళ్ళి పద్మకు చెబితే లోపలికి వెళ్ళిపోయింది. పొద్దున కాఫీ ఇస్తూ, విజయవాడలో గుండె డాక్టరు దగ్గర రేపటికి టైము తీసుకున్నానంది. అంతే అంది. కోపం తగ్గలేదు, తగ్గాలని నేను అడగనూ లేదు.

రేపు పరీక్ష. డాక్టరు వద్దంటాడేమోనన్న దిగులు ఉంది. కానీ ఇది రాస్తూ కూర్చుంటే, దానికంటే వేరే సంగతి ఎక్కువ కలవరపెడుతోంది. ఒకవేళ సరే, వెళ్ళు అంటాడేమో అనుకోగానే లోపల ఏదో ఎగిరి గంతేస్తోంది. అప్పుడే దారి చూసుకుంటోంది, మంచు చూసుకుంటోంది, డాక్టరుకు మెట్ల సంగతి కాస్త తగ్గించి చెబితే ఏమవుతుందని లెక్క వేస్తోంది. దాన్ని చూస్తే నాకు భయంగా ఉంది. సాంబశివరావు గారు నాకు ధైర్యం నేర్పలేదు, ఆయన దగ్గర అది పెద్దగా లేదు కూడా. చివరికి ఈ ఒక్క భయం ఇచ్చి వెళ్ళాడు. రేపు ఆసుపత్రిలో పద్మను డాక్టరు గది లోపలికి కూడా రమ్మన్నాను. నేను తగ్గించి చెబితే, నా పక్కనే ఉండి ఆమె సరిచెయ్యాలి.